పెట్టెకు నాలుగు హ్యాండిళ్లు

నేను బేస్ గిటారు వాయిస్తాను. ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్లు "అలాగా, సంతోషం" అని, కాస్త ఆగి, "అంటే ఏమిటండీ?" అంటారు. మామూలు గిటారుకు ఆరు తీగలుంటాయనీ, దీనికి లావుపాటివి నాలుగే ఉంటాయనీ, పాట అడుగున దుమ్ దుమ్‌మంటూ నడిచే మంద్రస్వరం దీనిదేననీ నేను వివరిస్తాను. పెళ్లిచూపుల నాడు మా మామగారు నా గిటారును పరీక్షగా చూసి, ఉద్యోగం పర్మనెంటయితే మిగతా రెండు తీగలూ అవే వస్తాయని నన్ను ఓదార్చారు.

ఉద్యోగం పర్మనెంటయింది. తీగలు మాత్రం నాలుగే ఉన్నాయి. నా పేరు సోమయాజులు. విజయనగరంలోని రాష్ట్ర చీపుళ్ల అభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయంలో సూపరింటెండెంటును. మా మండలికి ఒక వాద్య బృందం ఉంది. పాడేది టైపు సెక్షను హైమవతి. కీబోర్డు మీద అకౌంట్సు ఖాదర్, డ్రమ్ముల మీద డెస్పాచ్ ప్రకాశరావు, అన్నిటికీ అడుగున నేను. పదవీ విరమణ సభలు, వినాయక చవితి పందిళ్లు, తోటి ఉద్యోగుల ఇళ్లలో రిసెప్షన్లు, ఇలా వందమంది పోగయ్యే చోటల్లా వాయిస్తాం. ఒకసారి కొత్తవలసలో రిసెప్షన్‌కు వెళ్లినప్పుడు నా వైరు ఊడిపోయి మూడు పాటల దాకా నా శబ్దమే రాలేదు. ఆ రోజు పెళ్లికొడుకు తండ్రి మా బృందాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

బేస్ గిటారుకు సొంత గొంతు ఉండదు. దానికొక స్పీకరు పెట్టె కావాలి. మంద్రం పలకాలంటే పెద్ద స్పీకరు, దానికి తగ్గ అయస్కాంతం, మందపాటి చెక్క ఉండాలని పూర్వం అందరూ నమ్మేవారు. ఆ నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో మా మండలి కొన్న పెట్టె నలభై నాలుగు కిలోలు. ఒకసారి ఆడిట్ పార్టీ వారు దాన్ని బీరువా అనుకుని తాళంచెవి అడిగారు.

ఇరవై రెండేళ్లుగా ఆ పెట్టెను మోస్తున్నవాడు మా అటెండరు పోలినాయుడు. తువ్వాలును చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద పెట్టె పెట్టించుకుని, మెట్లెక్కేసేవాడు. వెనకే నేను గిటారు మోసుకుంటూ ఎక్కేవాణ్ణి. గిటారు నాలుగు కిలోలు. పైకి చేరాక నేను చెమట తుడుచుకుంటూ "ఇవాళ బాగా మోశాం పోలినాయుడూ" అనేవాణ్ణి. "అవును బాబూ" అనేవాడతను. అందులో వెటకారం ఉందేమోనని ఇరవై రెండేళ్లలో నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు.

ఈ ఏడు జనవరిలో, మా ఆఫీసు రెండో అంతస్తులో ఉన్న సభామందిరానికి పెట్టె తీసుకెళ్తూ పోలినాయుడు పదిహేడో మెట్టు దగ్గర ఆగిపోయాడు. మొత్తం నలభై రెండు మెట్లు. అతను ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏమైంది?"

"ఏటీ నేదు బాబూ. మెట్టు సూస్తన్నాను."

మెట్టులో చూడడానికి ఏమీ లేదు. అతని మెడ నరాలు మాత్రం తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. జూలై నెలాఖరుకు రిటైరవుతున్నాడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నేను పెద్ద మాటలు మాట్లాడతాను.

"పోలినాయుడూ, నీ సభ రోజున మాత్రం నువ్వు పెట్టె ముట్టుకోవు. దండ వేసుకుని కుర్చీలో కూర్చుంటావు. పెట్టె నేనే మోసుకొచ్చి వాయిస్తాను. ఇది నా మాట."

పోలినాయుడు నెత్తిన పెట్టెతోనే నవ్వాడు. "మీరా బాబూ?" అన్నాడు. ఆ నవ్వు వారం రోజులు నా వెంట తిరిగింది.

ఆదివారం విశాఖపట్నం వెళ్లి, సంగీత వాద్యాల దుకాణం సాల్మన్‌రాజు గారిని కలిశాను. ఆయన మూడు పెట్టెలు చూపించారు. "ఈ పదిహేను అంగుళాల స్పీకరుది మైదానాల్లో కచేరీలకండి. ఇందులో పది అంగుళాలవి రెండున్నాయి, పలుకు శుభ్రంగా ఉంటుంది గానీ బరువెక్కువ. మీలాంటి చిన్న బృందానికి పన్నెండు అంగుళాలది ఒకటి చాలండి. లోపల కొత్తరకం అయస్కాంతం, పలచటి చెక్క. పదమూడు కిలోలు. మీరే ఎత్తి చూడండి."

ఎత్తాను, అదీ ఒక చేత్తో. ఎదురుగా గోడకు అద్దం ఉంది. యాభై నాలుగేళ్ల వయసులో, బరువు ఎత్తిన మగవాడిగా నన్ను నేను చూసుకోవడం అదే మొదలు. ఇంకాసేపు అలాగే నిలబడేవాణ్ణి గానీ, సాల్మన్‌రాజు గారు ఇక దించవచ్చన్నారు.

తిరుగు బస్సులో నా బుద్ధి గడ్డి తిన్నది. "పాత పెట్టె బరువు, తేలికది కొనండి" అని నాలుగు ముక్కలు రాసుంటే సరిపోయేది. ఇరవై ఏడేళ్లు ఆఫీసు నోట్లు రాసినవాడికి నాలుగు ముక్కలతో తృప్తి ఉంటుందా? మోయడానికి వీలుగా ఉండడాన్ని "వాహ్యత" అంటూ మూడు పేజీలు రాశాను. "మండలి వాద్య బృందము యొక్క మంద్రస్వర ప్రసారక పేటికకు వాహ్యతా గుణము కొరవడినందున, చిన్న సభల నిర్వహణలో ఏర్పడుచున్న అంతరాయములను దృష్టియందుంచుకొని, తగు వాహ్యత గల పేటికను సమకూర్చుట ఆవశ్యకమని సవినయముగా విన్నవించడమైనది." ఇంటిదగ్గర మా ఆవిడకు చదివి వినిపించాను. అంతా విని "పాపం, ఎవరు పోయారు?" అంది.

పది రోజులకు ఫైలు మేనేజింగ్ డైరెక్టరు గారి దగ్గర్నుంచి వచ్చింది. ఆకుపచ్చ సిరాతో "వాహ్యత అనగానేమి? కమిటీ వేయుడు" అని ఉంది. దాని కింద చిన్నగా "కన్వీనరు: రాసినవాడే."

కమిటీకి అధ్యక్షులు డిప్యూటీ డైరెక్టరు కృపానందం గారు. సభ్యులు ఇద్దరు: స్టోర్సు ఆఫీసరు త్రినాథరావు గారు, ఇంజనీరు పాత్రో గారు. మొదటి సమావేశంలో పెట్టెను ముందు పెట్టి, పనిచేస్తోందో లేదో చూపించమన్నారు. నేను గిటారు తగిలించి, కళ్లు మూసుకుని, ఒక నిమిషం పాటు నాకు చేతనైనంత గొప్పగా వాయించాను.

"మొదలుపెట్టండి మరి. మాకూ పనులున్నాయి కదా" అన్నారు కృపానందం గారు.

"మొదలైంది సార్. టీ చూడండి" అన్నారు పాత్రో గారు.

బల్లమీద గ్లాసులో టీ సన్నగా వణుకుతోంది. ముగ్గురూ కాసేపు ఆ టీ వంక గౌరవంగా చూశారు. త్రినాథరావు గారు కాగితం మీద రాసుకున్నారు: "పేటిక పనిచేయుచున్నది. సాక్ష్యము: టీ."

నా పని అక్కడే అయిపోయింది. పనిచేసే వస్తువును పనికిరాదని కండెమ్ చేయడానికి వీల్లేదు. పాతది కండెమ్ కాకుండా కొత్తది కొనడానికి స్టోర్సు మాన్యువల్ ఒప్పుకోదు.

"సార్, పనిచేయడం లేదని నేననలేదు. బరువుగా ఉందన్నాను" అన్నాను.

"బరువుగా ఉన్నదని మీరెలా నిర్ధారించితిరి? మీరెప్పుడైనా ఎత్తితిరా?" అన్నారు త్రినాథరావు గారు. ఆయన మామూలుగా మాట్లాడినా మాన్యువల్ చదువుతున్నట్టే ఉంటుంది.

 మోసేవాణ్ణే అడుగుదామని పోలినాయుణ్ణి పిలిపించారు. అతను తొమ్మిదిమంది డిప్యూటీ డైరెక్టర్ల దగ్గర పనిచేసినవాడు. ఒక్కరికీ కాదని చెప్పి ఎరగడు.

"ఏం పోలినాయుడూ, పెట్టె బరువా?"

"బరువేటి బాబూ. మన పెట్టే గదా."

నేను కళ్లతో సైగ చేశాను. పోలినాయుడు తలూపి, వెళ్లి నాకు టీ తెచ్చిపెట్టాడు.

అప్పుడు పాత్రో గారు గొంతు సవరించుకున్నారు. "సార్, ఇక్కడ సూక్ష్మం ఒకటుంది. బరువు వస్తువుకు సంబంధించిన విషయం. వాహ్యత అమరికకు సంబంధించిన విషయం. సూట్‌కేసు ఎందుకు మొయ్యగలుగుతున్నాం? హ్యాండిల్ ఉంది కాబట్టి. గుమ్మడికాయకు లేదు కాబట్టి అవస్థ పడుతున్నాం. ఈ పెట్టెకు పట్టుకోడానికేముంది? ఏమీ లేదు. అంటే ఇది గుమ్మడికాయ కోవలోకి వస్తుంది."

కృపానందం గారు కుర్చీలో ముందుకు వంగారు. "బ్రహ్మాండం! ఆ గుమ్మడికాయ పాయింటు మినిట్స్‌లోకి రావాలి సోమయాజులు గారూ."

తెచ్చాను. కన్వీనరును కదా. "పోర్టబుల్ అనగా, ఎత్తుటకు అనువైన గ్రహణ సాధనములు అమర్చబడినది" అని నిర్వచనం కూడా నేనే రాశాను. "గ్రహణ సాధనము" అన్న మాట తట్టినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. తన గొయ్యి తానే తవ్వుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. అంత ముత్యాల్లాంటి దస్తూరితో తవ్వుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

మార్చిలో పెట్టెకు రెండు హ్యాండిళ్లు వచ్చాయి. మండలి వస్తువులు మండలి వర్క్‌షాపులోనే చేయాలి. మా వర్క్‌షాపులో చీపురుకట్టలు నొక్కే ఇనుప యంత్రాలు తప్ప వేరే తయారుకావు. కాబట్టి హ్యాండిళ్లు కూడా ఆ ధోరణిలోనే, జానెడు బయటికి పొడుచుకొచ్చి, వెనక దన్నుకు ఇనుప పలకలతో సహా వచ్చాయి. పెట్టె యాభై ఒక్క కిలోలైంది. "పెట్టె ఇప్పుడు పోర్టబుల్" అని పాత్రో గారు సర్టిఫికెట్ ఇచ్చారు.

పోలినాయుడు ఆ హ్యాండిళ్ల జోలికి పోలేదు. మునుపటిలాగే నెత్తిన పెట్టుకున్నాడు. కాకపోతే ఇప్పుడు ఒక హ్యాండిల్ అతని చెవి మీద రాసుకుంటోంది. ఈ సంగతి కమిటీ దృష్టికి తెచ్చాను. ఇది సాధన లోపం కాదు, అవగాహన లోపం అని కృపానందం గారు తేల్చారు. పోలినాయుడికి "గ్రహణ సాధనముల సమర్థ వినియోగము" మీద ఒకరోజు శిక్షణ ఇచ్చారు. హ్యాండిల్ పట్టుకోవడం ఎలాగో పాత్రో గారు నల్లబల్ల మీద బొమ్మ గీశారు. సాయంత్రం పోలినాయుడు సర్టిఫికెట్ తీసుకుని, దాన్ని మడిచి తువ్వాల్లో పెట్టి, ఆ తువ్వాలును చుట్టకుదురుగా చుట్టి, పెట్టె నెత్తినెత్తుకుని వెళ్లిపోయాడు.

ఏప్రిల్‌లో మరో రెండు హ్యాండిళ్లు వేశారు. రెండు హ్యాండిళ్లతో ఒకరు మోయగలిగితే నాలుగింటితో ఇద్దరు మోస్తారు కాబట్టి వాహ్యత నూటికి నూరుపాళ్లు పెరుగుతుందని లెక్క తేలింది. పెట్టె యాభై ఎనిమిదికి చేరింది. కానీ పెట్టె మోయడానికి మంజూరైన పోస్టు ఒక్కటే. కాబట్టి మూడు, నాలుగు హ్యాండిళ్లను "భవిష్యత్ నియామకముల నిమిత్తము" అని రిజర్వు చేశాం. ఆ వాక్యం కూడా నాదే.

ఇంతలో ఎండీ గారికి ఈ వ్యవహారం తెగ నచ్చేసింది. "పోర్టబుల్ మండలి, ప్రగతిశీల మండలి" అని మే నెలలో వాహ్యతా మాసోత్సవం ప్రకటించారు. మండలిలోని ప్రతి చరాస్తికీ హ్యాండిళ్లు ఉండాలని సర్క్యులర్ వచ్చింది. బీరువాలకు వేశారు. టైపు మిషన్లకు వేశారు. సభామందిరంలో ఉన్న నూట ఇరవై కుర్చీలకూ రెండేసి వేశారు. నిప్పు ఆర్పే ఇసుక బకెట్లకు అదివరకే హ్యాండిళ్లుండగా, పాటింపులో లోపం లేకుండా ఇంకొకటి వేశారు. చీపుళ్లకు పిడి హ్యాండిల్ కిందకు వస్తుందా రాదా అన్నదాని మీద ఉపసంఘం పడింది.

నేను ప్రతి సమావేశంలోనూ "సార్, బరువు" అని మొదలుపెట్టేవాణ్ణి. వాళ్లు "బరువు తర్వాత చూద్దాం, ముందు వాహ్యత" అనేవారు. నేను మినిట్స్ రాసేవాణ్ణి.

జూన్‌లో పెట్టె కింద చక్రాల చట్రం బిగించారు. చక్రాలు మెట్లెక్కవని నేనన్నాను. మెట్లు ఎక్కకపోవడం మెట్ల లోపమనీ, అది భవనాల విభాగం చూసుకోవాలనీ పాత్రో గారన్నారు. పెట్టె డెబ్భై ఆరు. తర్వాత త్రినాథరావు గారు ఒక చిక్కు కనిపెట్టారు. "పోర్టబుల్ వస్తువును ఎవరైననూ ఎత్తుకొనిపోవచ్చును. వాహ్యత పెరిగిన కొలది భద్రత తగ్గును." అందువల్ల పెట్టెకు ఒక గొలుసు తగిలించి, ఆ గొలుసును స్టోర్సు గదిలో గోడకు బిగించారు. పైన "పోర్టబుల్" అని చెక్కిన ఇనుప పలక. మొత్తం ఎనభై ఒక్క కిలోలు.

అంతకుముందు, మాసోత్సవం ముగింపులో నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. వద్దనాల్సింది. తీసుకున్నాను. ఫ్రేము కట్టించాను. ఫ్రేముకు హ్యాండిల్ ఉంది.

జూలై ఇరవై ఎనిమిదిన భయం పట్టుకుంది. పోలినాయుడి సభకు మూడు రోజులే ఉంది. సాల్మన్‌రాజు గారికి ఫోన్ చేసి మొత్తుకున్నాను. పాపం మంచి మనిషి, "ఒక్కరోజుకే కదండీ, ఆ పదమూడు కిలోల పెట్టె పట్టుకెళ్లండి" అన్నారు. ఎగిరి గంతేసి వెళ్లి త్రినాథరావు గారికి చెప్పాను. ఆయన కమిటీ మినిట్స్ తీసి ఒక వాక్యం మీద వేలు పెట్టారు. "మండలికి స్వంత పోర్టబుల్ పేటిక కలదు గావున, బయటి పేటికలను సభామందిరమునకు అనుమతించరాదు." చదివాను. చాలా చక్కటి వాక్యం. ఎక్కడా సందు లేదు. నేను రాసిందే.

ముప్పై ఒకటో తేదీ సాయంత్రం. రెండో అంతస్తులో పోలినాయుడు తెల్ల పంచె కట్టుకుని, మెడలో బంతిపూల దండతో, భుజాన శాలువాతో, హ్యాండిళ్ల కుర్చీలో కూర్చున్నాడు. అతని భార్యా కూతురూ ముందు వరసలో ఉన్నారు. కింద స్టోర్సు గదిలో నేను పెట్టె ముందు నిలబడ్డాను. ఇరవై రెండేళ్లలో ఎత్తడానికి ఆ పెట్టె మీద చెయ్యి వేయడం నాకదే మొదటిసారి.

ఒక్కడివల్ల అది కదల్లేదు. గొలుసును గోడ నుంచి విప్పడానికి త్రినాథరావు గారు ఒక్కరోజుకు మినహాయింపు రాసిచ్చాక, నేను, ఖాదర్, ప్రకాశరావు, చివరికి మొహమాటపడి పాత్రో గారు, నలుగురం నాలుగు హ్యాండిళ్లు పట్టుకున్నాం. గొలుసు వెనకే గలగలమంటూ వస్తోంది. మెట్టుమెట్టుకూ ఆగుతూ, పదకొండు మెట్లు ఎక్కేసరికి అరగంట పట్టింది. పదకొండో మెట్టు తర్వాత మెట్లు మలుపు తిరుగుతాయి. అక్కడ కాస్త చదును ఉంది. పెట్టెను తిప్పబోయాం. ఒక హ్యాండిల్ గోడకు తన్నుకుంది, ఎదురు హ్యాండిల్ రెయిలింగులో ఇరుక్కుంది. పైకి నెట్టాం, రాలేదు. కిందికి లాగాం, పోలేదు. హ్యాండిళ్లు లేకపోతే సులువుగా తిరిగేదని కొలిచి చెప్పినవారు పాత్రో గారే. చెప్పి, ఇంట్లో పనుందని వెళ్లిపోయారు.

పైన ఎండీ గారు రెయిలింగు మీంచి తొంగిచూశారు. "ఆలస్యమవుతోంది సోమయాజులు గారూ. బేస్ లేకుండా కానిచ్చేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. అందులో అబద్ధం లేకపోవడం వల్ల ఇంకా గట్టిగా తగిలింది. ఖాదర్, ప్రకాశరావు నా మొహం చూడకుండా పైకి వెళ్లారు. నేను మలుపులో, చొక్కా చంకలో చిరిగి, పెట్టె పక్కన గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పైన హైమవతి పాట ఎత్తుకుంది. పోలినాయుడికి ఇష్టమైన పాత పాట. చప్పట్లు కూడా వినిపించాయి. ఆరు నెలలు, పదకొండు సమావేశాలు, ఒక ప్రశంసాపత్రం, చివరికి ఒక ముసలాయనకిచ్చిన చిన్న మాట నిలబెట్టుకోలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

పల్లవి అయిందో లేదో పైనుంచి మెట్లు దిగుతున్న చప్పుడు. పోలినాయుడు దండతో సహా వస్తున్నాడు.

"పెట్టె రానేదేటి బాబూ?"

"నీకెలా తెలిసింది?"

"తెలీకేటి? పాటున్నాది గానీ, పాట కింద నేల నేదు."

 అతను శాలువా సర్దుకుంటూ, ఏదో తప్పు ఒప్పుకుంటున్నవాడిలా చెప్పాడు. "మీరంతా ఎదర వాయిస్తంటే, నాను పెట్టెనకాల కూకుంటాను గదా. ఈపు దానికానిచ్చి కూకుంటాను. మోసిన నొప్పంతా అలగలగ దిగిపోతాది బాబూ. పాట సెవుల్తో సగం ఇంటాను, ఈపుతో సగం ఇంటాను. ఇవాళ కుర్సీలో కూకుంటే ఏటీ తగల్నేదు."

ఇరవై రెండేళ్లు పెళ్లికొడుకుల తండ్రుల వంకా, మైకు పట్టుకున్న పెద్దల వంకా చూస్తూ వాయించాను. వినేవాడు నా వెనక కూర్చున్నాడు.

పోలినాయుడు వంగి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. "ముట్టుకోకు!" అని అరిచాను. "మాటిచ్చాను నీకు."

"ఎత్తను బాబూ. కూకుంటాను."

పంచె ఎగగట్టి, మలుపులో నేలమీద, పెట్టెకు వీపు ఆనించి కూర్చున్నాడు. నేను స్టోర్సు గదిలోంచి కరెంటు వైరు లాగి తగిలించి, పైన నడుస్తున్న పాటను అందుకున్నాను. మెట్ల మధ్య ఆ శబ్దం ఎలా పలికిందో చెప్పలేను. రెయిలింగు మొత్తం మోగింది. పైన హైమవతి ఒక్క క్షణం ఆగి, పాడుతూనే మైకు పట్టుకుని దిగొచ్చి పై మెట్టు మీద కూర్చుంది. ఖాదర్ కీబోర్డు తెచ్చాడు. ప్రకాశరావు ఒక డ్రమ్ము చంకన పెట్టుకొచ్చాడు. వెనకే జనం వచ్చి మెట్ల మీద బారులు తీరి కూర్చున్నారు. హ్యాండిళ్లు పట్టుకుని ఎండీ గారి కుర్చీ కూడా తెచ్చారు గానీ, మెట్టు మీద పట్టక ఆయన కూడా కింద కూర్చున్నారు. పోలినాయుడి కూతురు తండ్రి పక్కన చేరి, తనూ పెట్టెకు వీపు ఆనించి, ఉలిక్కిపడి నవ్వింది.

పాట అయ్యాక పోలినాయుడు నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అన్నాడు. "సరనం తిరిగే కాడ తప్పీసినారు బాబూ."

"తెలిసిందా?"

"ఇరవై రెండేళ్లూ అక్కడే తప్పుతన్నారు గదేటి."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"నానెవుల్ని బాబూ సెప్పడానికి."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. చెమట అనుకుని హైమవతి రుమాలు ఇచ్చింది.

సభ ముగిసేలోగా కృపానందం గారు మెట్ల మీదే కమిటీ చివరి సమావేశం జరిపారు. "ప్రేక్షకులకు వాహ్యతా గుణము సమృద్ధిగా కలదని నేటి సభలో రుజువైనందున, పేటికను కదల్చవలసిన ఆవశ్యకత లేదు. ఇకమీదట సభలన్నియు మెట్లపైననే జరుపవలెను. రాసుకోండి సోమయాజులు గారూ."

"చెయ్యి ఖాళీ లేదు సార్" అన్నాను. ఇరవై ఏడేళ్ల సర్వీసులో నేను రాయకుండా వదిలేసిన మినిట్స్ అవే.

పెట్టె ఇప్పటికీ ఆ మలుపులోనే ఉంది. గుమాస్తాలు పక్కకు తిరిగి ఎక్కి దిగుతున్నారు. పై అధికారులెవరైనా వస్తే, మండలి సాధించిన వాహ్యతకు నిదర్శనంగా దాన్నే చూపిస్తారు.

మరుసటి ఆదివారం పోలినాయుణ్ణి వెంటబెట్టుకుని విశాఖపట్నం వెళ్లాను. పెట్టె నా సొంతానికి కొనుక్కోవచ్చన్న ఆలోచన నాకు ఆరు నెలల తర్వాత వచ్చింది. సాల్మన్‌రాజు గారు మళ్లీ అవే మూడు పెట్టెలు చూపించి, అంగుళాల గురించి మొదలుపెట్టబోయారు. నేను ఆయన్ని ఆపి, గిటారు తగిలించుకుని, "నువ్వు కూర్చో పోలినాయుడూ" అన్నాను.

అతను మొదట పదిహేను అంగుళాల దానికి వీపు ఆనించాడు. "మోత ఎక్కువ బాబూ. నడుం అదిరిపోతంది." తర్వాత పది అంగుళాలవి రెండున్న దానికి ఆనించాడు. "ఇది ఒల్లమాలిన వాగుడు." చివరికి పదమూడు కిలోల దానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నేను పాత పాట మొదలుపెట్టి, పల్లవి దాటి, చరణం తిరిగే చోటుకు వచ్చాను. జాగ్రత్తగానే వచ్చాను.

పోలినాయుడు కళ్లు తెరిచాడు. "ఇదే తీసుకోండి బాబూ. తప్పు ఇంకా బాగా తెలుస్తాది."

తీసుకున్నాను. దుకాణంలోంచి ఆటో దాకా ఒక చేత్తో నేనే మోశాను. గిటారు పోలినాయుడికిచ్చాను. ఆటో దగ్గర అతను గిటారు దించి, తువ్వాలుతో లేని చెమట తుడుచుకుని, నా వంక చూశాడు.

"ఇవాళ బాగా మోసినాం బాబూ" అన్నాడు.